పాకెట్ హోల్ జాయింట్‌తో వరండా బల్ల: మొదటిసారి చేసేవాళ్ళ కోసం

మంచం పట్టె కోడులోకి దూరే చోటు ఒకసారి గమనించండి. పట్టె చివర కుసి కోసి, కోడుకు బెజ్జం తొలిచి, రెండూ వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చునేలా చేస్తాడు వడ్రంగి మేస్త్రి. ఆ పని చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఆదివారం పూట ఇంట్లోకి ఒక బల్లో అరో చేసుకుందామనుకునేవాళ్ళకు అంత సాధన కుదరదు. వాళ్ళకు పనికొచ్చేది పాకెట్ హోల్ జాయింటు.

పద్ధతి ఇది. ఒక పలక చివరకు దగ్గరగా, కంటికి కనపడని లోపలి ముఖం మీద, సుమారు 15 డిగ్రీల ఏటవాలుగా బెజ్జం వేస్తాం. ఆ బెజ్జంలోంచి స్క్రూ పోయి పక్క చెక్కను పట్టుకుంటుంది. స్క్రూ తల బెజ్జం లోపలే ఆగిపోతుంది కాబట్టి పైకి ఏమీ కనపడదు. బల్లల కింద ఏటవాలుగా స్క్రూ దించడం పాత మేస్త్రీలకు కొత్త కాదు. 1980ల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్రెయిగ్ సొమ్మర్‌ఫెల్డ్ అనే ఆయన ఇంట్లో అలమారాలు చేసుకుంటూ, ఆ వాలు ప్రతిసారీ ఒకేలా రావడానికి ఒక జిగ్, అంటే డ్రిల్లు బిట్‌ను సరైన వాలులో నడిపే గొట్టమున్న పరికరం, తయారుచేశాడు. ఇప్పుడు దొరికే క్రెగ్ జిగ్‌లు దాని నుంచి వచ్చినవే. అదే పని చేసే తక్కువ ధర జిగ్‌లు కూడా ఆన్‌లైన్‌లో బోలెడు ఉన్నాయి.

మొదలుపెట్టే ముందే ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ జాయింటులో స్క్రూ చెక్కలను సరైన చోటికి తీసుకురాదు. మీరు ఎక్కడ పట్టి ఉంచితే అక్కడే బిగిస్తుంది. చెక్కలను కలిపి నొక్కిపట్టే క్లాంపు వంకరగా ఉంటే జాయింటు కూడా వంకరగానే, గట్టిగా బిగుసుకుపోతుంది. అందుకే ఈ పనిలో డ్రిల్లు కంటే క్లాంపు ముఖ్యం. డబ్బులు తక్కువుంటే డ్రిల్లు మామూలుది కొనండి, క్లాంపులు మాత్రం మంచివి కొనండి.

కావలసిన సామాను

జిగ్‌తో పాటు స్టెప్ బిట్, దాని మెడకు తొడిగి బెజ్జం లోతు మించకుండా ఆపే స్టాప్ కాలర్, కాలర్ బిగించే అలెన్ కీ, స్క్రూ బిగించే పొడవాటి బిట్ వస్తాయి. స్టెప్ బిట్ రెండు మందాలుగా ఉంటుంది. వెనక భాగం 9.5 మిల్లీమీటర్లు, అది స్క్రూ తలకు చోటు చేస్తుంది. ముందున్న సన్నని కొస స్క్రూకు దారి చేస్తుంది. డ్రిల్లు కరెంటుదైనా బ్యాటరీదైనా ఫరవాలేదు కానీ, బిగింపు బలం తగ్గించుకునే క్లచ్ రింగు ఉన్నది తీసుకోండి. క్లచ్ లేకపోతే కొత్తవాళ్ళు మెత్తటి చెక్కలో స్క్రూ పట్టు తెంపేస్తారు.

క్లాంపులు కనీసం రెండు కావాలి. జాయింటు మీద రెండు చెక్కలను కలిపి నొక్కిపట్టే వెడల్పు దవడల ఫేస్ క్లాంపు ఒకటి, మామూలు ఎఫ్ క్లాంపు ఒకటి. ఇంకా మూలమట్టం, టేపు, పెన్సిలు, ఫెవికాల్, 80, 120, 180 నంబర్ల ఎమెరీ పేపర్లు. వరండాలో ఉండే బల్ల కాబట్టి ఫెవికాల్‌లో నీటికి తట్టుకునే మెరైన్ రకం అడగండి. కళ్ళకు రక్షణ అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. టేకు పొడి కొందరి చర్మానికీ ఊపిరికీ పడదు. డ్రిల్లు పట్టుకునే ముందు భుజం మీద తువ్వాలు తీసేయండి, చేతులు వదులుగా ఉన్న చొక్కాలు వద్దు.

స్క్రూల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి చెక్క స్క్రూలు అడిగితే, ఎక్కువగా నల్లటి జిప్సం బోర్డు స్క్రూలు చేతిలో పెడతారు. అవి దీనికి వద్దు. వాటి తల కింద గరాటులా వాలుగా ఉంటుంది. బెజ్జం అడుగున ఉన్న సన్నని గట్టు మీద కూర్చోగానే చీలలా పనిచేసి చెక్కను చీలుస్తుంది. పైగా అవి పెళుసు, మెలితిప్పితే తల తెగుతుంది. పాకెట్ హోల్ స్క్రూ తల కింద వాషరులా చదునుగా ఉంటుంది, కొస దానంతటదే దారి చేసుకునేలా కోసి ఉంటుంది. ఎక్కువ వాటికి తలలో చదరపు గుంట ఉంటుంది, బిట్ జారదు. ప్లైవుడ్‌కూ మామిడి లాంటి మెత్తటి చెక్కకూ ఎడం ఎక్కువున్న మరలవి, టేకు లాంటి గట్టి చెక్కకు దగ్గర దగ్గర మరలవి తీసుకోండి. మన గోదావరి జిల్లాల్లో గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. అలాంటి చోట బయట పెట్టే సామానుకు ఖర్చయినా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి.

స్క్రూ పొడవు చెక్క మందాన్ని బట్టి ఉంటుంది. అరంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల పలకకు 1 అంగుళం స్క్రూ. ముప్పావంగుళం, అంటే 18, 19 మిల్లీమీటర్ల పలకకు 1¼ అంగుళం. అంగుళంన్నర మందానికి 2½ అంగుళాలు. మన బల్లకు మధ్యలోది చాలు.

చెక్క ఎంచుకోవడం

ఈ గోదావరి డెల్టాలో చెక్క పనికి మొదటి శత్రువు తేమ. ధవళేశ్వరం నుంచి దిగే కాలవలు, రెండు పంటల నీళ్ళు, జూలై ఆగస్టుల్లో గోదారి వరద, అన్నీ కలిసి గాలిని చాలా నెలలు తడిగానే ఉంచుతాయి. ఆ తర్వాత కాలవలు కట్టేసే ఎండాకాలంలో రోహిణీ కార్తె ఎండలు. చెక్క వర్షాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పచ్చి చెక్కతో జాయింటు చేస్తే ఆరేకొద్దీ చెక్క స్క్రూ చుట్టూ వదులవుతుంది. ఎంత మంచి స్క్రూ అయినా అప్పుడు ఏమీ చేయలేదు.

కాబట్టి సామిల్లులో కోయించిన చెక్కను తెచ్చిన రోజే పని మొదలుపెట్టకండి. ఇంట్లో గాలి ఆడే గదిలో, నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు పెట్టి పేర్చండి. బల్ల చేయడానికి ఉన్నదంతా ఎండిన చెక్కే అయినా రెండు వారాలు ఆగడం మంచిది. పచ్చిదైతే నెలలు పడుతుంది, ఆ చెక్క ఇప్పుడు కొనకపోవడమే మేలు. తేమ మీటరు దొరికితే 15 శాతం లోపు చూపించాలి. మీటరు లేకపోతే ఒకే మందం ముక్కలు రెండు చేతిలో పట్టి బరువు చూడండి, అడ్డంగా కోసిన చివర అరచేయి ఆనించండి. చల్లగా, బరువుగా ఉన్నది ఇంకా ఆరలేదు.

రకం సంగతి. టేకు ఉబ్బడం ముడవడం తక్కువ, చెదలకు లొంగదు, అందుకే అంత ధర. రాజమండ్రి టింబర్ డిపోల్లో పాత ఇళ్ళ తలుపులూ దూలాలూ విప్పిన పాత టేకు అడగండి. అది బాగా ఆరి ఉంటుంది, ఈ పనికి దానికి మించింది లేదు. మేకులు మాత్రం ఒక్కటి వదలకుండా పీకాలి, స్టెప్ బిట్ మేకుకు తగిలితే మొన పోతుంది. చేవ ఉన్న ముక్కలే ఏరుకోండి, అంచుల్లో ఉండే తెల్ల చెక్కకు పురుగు త్వరగా పడుతుంది. వేప ఇళ్ళల్లో దొరుకుతుంది, గట్టిదే కానీ సరిగ్గా ఆరకపోతే మెలి తిరుగుతుంది. మామిడి చవక, చేయి తిరగడానికి బావుంటుంది, కానీ తడికీ పురుగుకూ ఆగదు. నల్లమద్ది, తుమ్మ మొదటి బల్లకు వద్దు, అంత గట్టి చెక్కలో స్క్రూ దించడానికి వేరే అనుభవం కావాలి.

కోనసీమలో ఉన్నవాళ్ళు కొబ్బరి చెక్క గురించి అడుగుతారు. ముదురు కొబ్బరి మానులో బయటి భాగం చాలా గట్టిది, లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తబడి గుల్లగా ఉంటుంది. ఆ లోపలి చెక్కలో స్క్రూ నిలవదు. బయటి అంచు చెక్కతోనే చేయగలిగితే కాళ్ళకు పనికొస్తుంది. పలకలకు కాదు.

జిగ్ సెట్ చేయడం

ముందు మీ పలక అసలు మందం కొలవండి. సామిల్లులో అంగుళం అని చెప్పి కోసిన పలక చిత్రిక పట్టాక ముప్పావంగుళానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకు వస్తుంది. షాపులో చెప్పిన లెక్క కాదు, టేపు చూపించిన లెక్క కావాలి. జిగ్ మీద మందాల గుర్తులుంటాయి, దానికి తగ్గట్టు జిగ్ జరపండి. కొన్ని చిన్న జిగ్‌లను పలక చివర నుంచి ఇంత దూరంలో పెట్టి క్లాంపు చేయమని కాగితంలో రాసి ఇస్తారు. ఆ కాగితం పారేయకండి.

తర్వాత కాలర్. బిట్‌ను జిగ్ గొట్టంలోకి పూర్తిగా దించండి. బిట్ కొసకూ, చెక్క చివర ఆనే అడుగుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా చూసి కాలర్‌ను అలెన్ కీతో గట్టిగా బిగించండి. బిట్ కొస చెక్క చివర దాటి బయటికి రాకూడదు. కాలర్ పని మధ్యలో వదులైతే బెజ్జం లోతైపోయి స్క్రూ అవతలి ముఖంలోంచి పొడుచుకొస్తుంది. ప్రతి కొన్ని బెజ్జాలకు ఒకసారి వేలితో తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ముందు తుక్కు ముక్కల మీద

బల్ల చెక్కను ముట్టుకోకముందు అదే మందం తుక్కు ముక్కలు రెండు తీసుకోండి. ఒక ముక్క చివర రెండు బెజ్జాలు వేసి, రెండోదానికి ఎల్ ఆకారంలో బిగించండి. జాయింటు మీద గోరు అడ్డంగా రాసి చూడండి. గోరు తట్టుకుంటే ముక్కలు సమంగా లేవన్నమాట, క్లాంపు సరిగా కూర్చోలేదు. అవతలి ముఖం తడిమి చూడండి, స్క్రూ కొస తగలకూడదు.

అప్పుడు దాన్ని చేతులతో విరగ్గొట్టండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే జాయింటు ఎలా విరుగుతుందో చూస్తేనే ఎలా నిలుస్తుందో అర్థమవుతుంది. స్క్రూ చుట్టూ చెక్క పేడులుగా చీలి విరిగితే మీ పని బాగున్నట్టే. స్క్రూ నున్నగా, పిండి రాలుతూ ఊడొస్తే మీరు అతిగా తిప్పి మరల పట్టు తెంపేశారు. క్లచ్ రెండు నంబర్లు తగ్గించి ఇంకో ముక్క మీద చేయండి.

బల్ల కొలతలు

వరండాలో ఇద్దరు కూర్చునే బల్ల: పొడవు 36 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 17. కాళ్ళు నాలుగు, ఒకటిన్నర అంగుళాల చదరం, పొడవు 16¼. కాళ్ళను కలిపే పొడవు పట్టీలు రెండు, ఒక్కోటి 31 అంగుళాలు. పొట్టి పట్టీలు నాలుగు, ఒక్కోటి 7 అంగుళాలు. వీటిలో రెండు పైకి, రెండు కాళ్ళ కింది భాగానికి. పట్టీలన్నీ ముప్పావంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు. పైపలకలు మూడు, ఒక్కోటి 36 పొడవు, 3¾ వెడల్పు, ముప్పావంగుళం మందం. పలకల మధ్య రెండు సందులు, ఒక్కోటి 3/8 అంగుళం. ఆ సందులు అందానికి కాదు. వానజల్లు కిందికి జారిపోవడానికీ, వర్షాకాలంలో పలక ఉబ్బితే పక్కదాన్ని తోయకుండా ఉండడానికీ. పలకలకు అడుగున కొట్టడానికి 8 అంగుళాల బద్ద ఒకటి. తరుగు కలుపుకుని కాళ్ళకు ఆరడుగులు, పట్టీలకు తొమ్మిదడుగులు, పలకలకు పదడుగుల చెక్క తెచ్చుకోండి.

కోత దగ్గరే సగం పని అయిపోతుంది. పట్టీ చివర మూలమట్టానికి సరిపోకపోతే జిగ్ ఎంత ఖరీదుదైనా జాయింటు ఒక పక్క నోరు తెరుస్తుంది. చేతిరంపంతో నేరుగా కోయడం రాకపోతే సామిల్లులోనో దగ్గర్లోని వడ్రంగి షెడ్డులోనో మెషీన్ మీద కోయించుకోండి. ఒకే పొడవు ముక్కలన్నీ ఒకే సెట్టింగ్ మీద కోయమనండి. 31 అంగుళాలకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఇబ్బంది లేదు, కానీ రెండు పట్టీలూ ఒకదానికొకటి తేడా ఉండకూడదు. కోశాక జంటలుగా నిలబెట్టి చివరలు తడిమి చూడండి.

బెజ్జాలు ఎక్కడ వేయాలి

గుర్తుంచుకోవాల్సిన నియమం ఒక్కటే. బెజ్జం ఎప్పుడూ అడ్డంగా కోసిన చివరున్న ముక్కలో వేయాలి, స్క్రూ కొస పక్క చెక్క నారకు అడ్డంగా దిగాలి. నార వెంబడి, అంటే చెక్క చివరలోకి దిగిన స్క్రూకు పట్టు ఉండదు. మన బల్లలో కాళ్ళకు బెజ్జాలుండవు. అన్నీ పట్టీల్లోనే, లోపలి ముఖం మీద.

ప్రతి పట్టీ ప్రతి చివరా రెండు బెజ్జాలు, పై అంచు నుంచి ముప్పావంగుళం దగ్గర ఒకటి, 2¼ అంగుళాల దగ్గర ఒకటి. అంచుకు అరంగుళం కంటే దగ్గరగా వేస్తే చెక్క చీలుతుంది. ఇవి కాక పైపలకల కోసం పై పట్టీల పై అంచు వైపు కూడా బెజ్జాలు కావాలి. పొడవు పట్టీకి మూడేసి, చివరల నుంచి నాలుగంగుళాలు వదిలి. పై పొట్టి పట్టీకి రెండేసి, మధ్య నుంచి అటూ ఇటూ అంగుళంపావు దూరంలో. అంతా కలిపి 34 బెజ్జాలు. బిగించాక జిగ్ పట్టదు కాబట్టి అన్నీ ఇప్పుడే వేసేయండి. మొదలుపెట్టే ముందు ప్రతి పట్టీ లోపలి ముఖం మీద పెన్సిల్‌తో పెద్దగా ‘లో’ అని రాసుకోండి. తిప్పి పెట్టడం చాలా తేలిగ్గా జరిగే పొరపాటు.

బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు ఎక్కువ వేగంలో ఉండాలి. బిట్ చెక్కకు తగలకముందే తిరుగుతుండాలి. నెమ్మదిగా నొక్కుతూ సగం దాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి లాగి పొట్టు బయటికి రానిచ్చి, మళ్ళీ కాలర్ ఆగేదాకా దించండి. లాగేటప్పుడు కూడా తిరుగుతూనే ఉండాలి. పొట్టు గొట్టంలో ఇరుక్కుంటే బిట్ వేడెక్కుతుంది, టేకులో అయితే మాడు వాసన వస్తుంది. అంచు పేడులు లేస్తుంటే బిట్ మొండిదైందని అర్థం.

బిగించే వరుస

ఇక్కడ వరుస తప్పితే డ్రిల్లు లోపల పట్టదు. ముందు పొట్టి వైపులు. రెండు కాళ్ళు, పై పొట్టి పట్టీ, కింది పొట్టి పట్టీ కలిపి ఒక చట్రం. అలాంటివి రెండు. పొడవు పట్టీలు ముందు బిగించేస్తే, పొట్టి పట్టీ స్క్రూల కోసం పొడవాటి బిట్‌తో కలిపి అడుగు దాటిన డ్రిల్లును తొమ్మిదంగుళాల లోపు సందులో పెట్టాల్సివస్తుంది. అది కుదిరే పని కాదు.

చదునైన చోటు చూసుకోండి. మార్బుల్ నేల, గ్రానైట్ గట్టు, ఏదైనా సరే, మట్టంగా ఉండాలి. కాళ్ళనూ పట్టీనీ బయటి ముఖం నేలకు ఆనేలా పడుకోబెట్టండి. అప్పుడు బెజ్జాలు పైకి కనపడతాయి, బయటి ముఖాలు వాటంతటవే సమమవుతాయి. పట్టీ పై అంచు, కాలి పై కొస ఒకే గీతలో ఉండాలి. కింది పట్టీ నేల నుంచి నాలుగంగుళాల ఎత్తులో. నాలుగంగుళాల ముక్క ఒకటి కోసి కొలబద్దగా వాడితే రెండు చట్రాలకూ తేడా రాదు.

పట్టీ చివర ఫెవికాల్ పల్చగా రాయండి. అడ్డకోత చివర జిగురు తాగేస్తుంది కాబట్టి రెండు నిమిషాలాగి ఇంకో పూత రాయండి. ఈ జాయింటులో బలమంతా స్క్రూదే, కానీ జిగురు ఉంటే తేమ మార్పులకు సందు కదలదు.

ఇప్పుడు క్లాంపు. ఫేస్ క్లాంపు దవడలు సందు మీద సగం పట్టీకి, సగం కాలికి పడేలా పెట్టి బిగించండి. స్క్రూ ఏటవాలుగా దిగుతుంది కదా, బిగిసే క్షణంలో పట్టీని పక్కకు తోయాలని చూస్తుంది. చేత్తో పట్టుకుంటే ఆగదు. ఎంత బలమున్న చేయి అయినా ఆ ఒక్క మిల్లీమీటరు జరుగుతుంది. ఎఫ్ క్లాంపుతో రెండు కాళ్ళనూ పట్టీ వైపు అడ్డంగా కూడా నొక్కిపట్టండి. మూలమట్టం పెట్టి చూసి, సరిగ్గా ఉంటేనే స్క్రూ తీయండి.

డ్రిల్లు ఇప్పుడు తక్కువ వేగంలోకి మార్చండి, క్లచ్ తక్కువ నంబరు మీద మొదలుపెట్టండి. స్క్రూ తల గట్టు మీద కూర్చోగానే ఆగాలి. ఇంకొంచెం గట్టిగా అనుకుని తిప్పడమే మెత్తటి చెక్కలో జాయింటు పాడుచేస్తుంది. చివరి తిప్పు చేతి స్క్రూడ్రైవర్‌తో చేస్తే చేతికే తెలుస్తుంది. టేకులో స్క్రూ బిగుసుకుపోతుంటే మరల మీద కొవ్వొత్తి మైనం రాయండి. రెండో స్క్రూ కూడా పడ్డాకే క్లాంపు తీయండి. ఒక స్క్రూ పెట్టి క్లాంపు తీసేస్తే పట్టీ ఆ ఒక్క స్క్రూ చుట్టూ తిరుగుతుంది.

రెండు చట్రాలూ అయ్యాక జిగురు ఆరనివ్వండి. తర్వాత ఒక పొడవు పట్టీని బయటి ముఖం నేలకు ఆనేలా పెట్టి, రెండు చివరలా చట్రాలను పక్కకు నిలబెట్టి, అదే పద్ధతిలో బిగించండి. మొత్తం తిరగేసి రెండో పొడవు పట్టీ బిగించండి. ఇక్కడ 31 అంగుళాల చోటుంది కాబట్టి డ్రిల్లుకు ఇబ్బంది లేదు. నిలబెట్టి కర్ణాలు కొలవండి. ఒక మూల కాలి నుంచి ఎదురు మూల కాలికి, మళ్ళీ ఆ రెండో జంటకు. రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం మట్టంగా ఉన్నట్టు. కొద్దిగా తేడా ఉంటే జిగురు పచ్చిగా ఉన్నప్పుడే పొడవు కర్ణం వైపు నుంచి నొక్కి సరిచేయొచ్చు.

పట్టీలను కాలి బయటి ముఖంతో సమంగా పెట్టమన్నందుకు ఇంకో కారణం కూడా ఉంది. కాలి మధ్యలో పెడితే రెండు వైపుల స్క్రూలు కాలి లోపల ఒకదానికొకటి తగులుతాయి. మీకు ఆ అమరికే నచ్చితే ఒక వైపు బెజ్జాలను అరంగుళం కిందికి జరిపి వేయాలి.

పైపలకలు

మూడు పలకలనూ నున్నగా చేసి, అందమైన ముఖం కిందికి ఉండేలా నేల మీద పరవండి. సందుల్లో ఒకే మందం బద్ద ముక్కలు పెట్టండి. చట్రాన్ని తలకిందులుగా వాటి మీద పెట్టి, నాలుగు వైపులా అంగుళం సమానంగా బయటికి ఉండేలా సర్దండి. క్లాంపు వేసి పట్టీల్లోని బెజ్జాల గుండా స్క్రూలు దించండి. పలకలకు జిగురు రాయకండి. పలక వెడల్పున ఉబ్బుతూ ముడుస్తూ ఉంటుంది. జిగురు పట్టేస్తే ఏదో ఒక ఎండాకాలంలో అది పగులుతుంది.

మధ్య పలకకు రెండు చివరలే ఆధారం, మధ్యలో ఊగుతుంది. అందుకే 8 అంగుళాల బద్దను పలకల అడుగున సరిగ్గా మధ్యలో అడ్డంగా పెట్టి, ఒక్కో పలకకు రెండేసి స్క్రూలు నిటారుగా దించండి. ఇక్కడ పాకెట్ హోల్ అవసరం లేదు. బద్ద మందం, పలక మందం కలిపి ఒకటిన్నర అంగుళాలు, 1¼ స్క్రూ పైకి రాదు. స్క్రూకు ముందుగా సన్నని బెజ్జం వేసుకోండి.

తేడా వస్తే

స్క్రూ ఆగకుండా తిరుగుతూనే ఉంటే తీసేయండి. వెదురు పుల్ల సన్నగా చెక్కి, జిగురు ముంచి, ఆ దారిలో కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ దించండి. స్క్రూ కొస అవతలికి వస్తే ముందు పలక మందం కొలవండి, తర్వాత కాలర్ చూడండి. దాదాపు ఎప్పుడూ కారణం ఆ రెంటిలోనే దొరుకుతుంది. చెక్క చీలితే ఆ చీలికలో జిగురు నింపి, క్లాంపు వేసి ఆరబెట్టి, బెజ్జం వేరే ఎత్తులో కొత్తగా వేసుకోండి. జాయింటు ఒక పక్కే సందు ఉంటే స్క్రూను ఎంత బిగించినా ఆ సందు మూసుకోదు. విప్పి చివర మళ్ళీ మట్టంగా కోయాల్సిందే.

ఎక్కడ వాడకూడదు

ఈ జాయింటు బల్లలకు, అరలకు, అలమారా ముందు చట్రాలకు, మొక్కల స్టాండ్లకు చాలు. కడియం నర్సరీల నుంచి కుండీలు తెచ్చుకునేవాళ్ళు ఇదే చట్రాన్ని కొంచెం ఎత్తు పెంచి స్టాండుగా చేసుకోవచ్చు. కానీ మంచానికి వద్దు. రోజూ మనిషి బరువు దొర్లే చోట పట్టె, కోడు కలిసే జాయింటు అన్ని వైపులా మెలితిరుగుతుంది, అక్కడ కుసి చేసే పని నాలుగు స్క్రూలు చేయలేవు. ఉయ్యాల బల్లకు, నిచ్చెనకు అసలు వద్దు, అవి ప్రాణాలతో పని. వీధి తలుపు కూడా మేస్త్రికే వదిలేయండి, వానలకు ఉబ్బి బిగుసుకునే తలుపును రోజూ లాగే బలానికి ఈ జాయింటు నిలవదు.

రంగు, పాలిష్

80 నంబరుతో మొదలుపెట్టి 180 దాకా, ఎప్పుడూ నార వెంబడే రుద్దండి. కూర్చునే అంచులు కొద్దిగా గుండ్రం చేయండి, తొడలకు గుచ్చుకోవు. జిగురు బయటికి కారి ఆరిన చోట పాలిష్ పట్టదు, మచ్చ తేలుతుంది. అలాంటి చోట ఉలితో గీకేయండి. లోపలి బెజ్జాలను మూయాల్సిన పని లేదు, ఎవరికీ కనపడవు. కానీ పాలిష్ వేసేటప్పుడు కుంచెతో వాటి లోపల కూడా ఒక పూత వేయండి. తేమ ఎక్కువగా ఎక్కేది ఆ కోసిన నార చివరల నుంచే.

వరండాకు బయట వాడే పాలియురెథేన్ వార్నిష్ రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య సన్న ఎమెరీతో తేలిగ్గా రుద్ది వేయండి. ముసురు పట్టిన రోజున వేయకండి, పూత పాలలా తెల్లబారుతుంది. కాళ్ళ అడుగు కొసలను మాత్రం మర్చిపోకండి. నేల తడి అక్కడి నుంచే పైకి పాకుతుంది, చెదలూ అక్కడి నుంచే వస్తాయి. బల్లను తిరగేసి ఆ నాలుగు కొసలకూ వార్నిష్ తాగినంత తాగించి, ఆరాక రబ్బరు బుష్‌లు కొట్టండి. మొదటి వర్షాకాలం వెళ్ళాక, సంక్రాంతి పనుల్లో ఇల్లు దులిపేటప్పుడు బల్లను మళ్ళీ తిరగేసి, స్క్రూలన్నీ చేతి స్క్రూడ్రైవర్‌తో ఒకసారి తాకి చూడండి. వదులైనవి పావు తిప్పు బిగిస్తే చాలు.